చార్టులో బేసి సంఖ్య

మా అక్క కూతురు బుజ్జి విశాఖలో బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. దసరా సెలవులకి ఒడిశాలో మా బరంపురం వచ్చి, తన కేర్ ప్లాన్ ఫైలు నా ఒళ్ళో పడేసింది. "పిన్నీ, ఒక్కసారి చూసిపెట్టవా, మా మేడమ్ మళ్ళీ తిరగ్గొట్టకుండా" అంది. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు ఏళ్ళ తరబడి చెడిపోయే జబ్బు ఉన్న రోగి, 64 ఏళ్ళు, మగమనిషి, ఐదు రోజుల వివరాలు. అట్ట మీద స్కెచ్ పెన్నులతో ఊపిరితిత్తుల బొమ్మ వేసింది. కుడివైపు మూడు భాగాలు, ఎడమవైపు రెండు, ఎక్కడా తప్పు లేదు.

లోపల జ్వరం రోజుకోలా ఉంది. నాడి 88, 96, 102 అంటూ ఎక్కుతూ దిగుతూ ఉంది. బీపీ కూడా కదులుతోంది. శ్వాసల గడి మాత్రం ఐదు రోజులూ, రోజుకి మూడుసార్లూ, ఒకటే అంకె. 20.

"ఎవరు లెక్కపెట్టారే ఇవి?"

"వార్డులో టీపీఆర్ చార్టు చూసి రాసుకున్నా పిన్నీ. అందులో అలాగే ఉంది."

ఆయాసంతో ఆసుపత్రిలో చేరిన మనిషి. ఐదు రోజులు ఆక్సిజన్ గొట్టం ముక్కులో పెట్టుకున్న మనిషి. పడుకున్నా, లేచి కూర్చున్నా, దగ్గి దగ్గి కళ్ళె తీసినా, నెబులైజర్ పెట్టకముందూ పెట్టాకా, నిమిషానికి సరిగ్గా 20 సార్లే ఊపిరి తీశాడన్నమాట. మా హాల్లో గోడ గడియారం కూడా అంత నిక్కచ్చిగా నడవదు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. రాత్రి పడుకున్నాక నా నవ్వు పోయింది. నర్సుగా 19 ఏళ్ళ సర్వీసులో నేను ఇలాంటి ఇరవైలు ఎన్ని రాసి ఉంటాను?

లెక్కలేనన్ని. ఈ వృత్తిలో ఉన్న ఎవరినైనా నిజం చెప్పమని అడగండి. తెల్లవారుజామున వార్డు అంతా టీపీఆర్, అంటే జ్వరం, నాడి, శ్వాస, తియ్యాలి. థర్మామీటర్ పెట్టి చూస్తాం, బీపీ పట్టీ కట్టి చూస్తాం, నాడి అంకె వేలికి తొడిగిన ఆక్సీమీటరే చెప్పేస్తుంది. శ్వాస దగ్గరికి వచ్చేసరికి పెన్ను తనంతట తనే 20 రాసేస్తుంది. మనిషి బాగా రొప్పుతూ ఉంటే 24. ఆయాసానికి మా దగ్గర ఉన్నవి ఆ రెండే అంకెలు.

ఆ రాత్రి నుంచి ఒకటే మాట నాలో నలుగుతోంది. లెక్కపెట్టకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్యాలి. ఖాళీ గడి చూస్తే డాక్టర్‌కో, తర్వాతి డ్యూటీ నర్సుకో కన్ను అక్కడ ఆగుతుంది, ఒకసారి రోగి వైపు చూడబుద్ధవుతుంది. 20 చూస్తే కన్ను జారిపోతుంది. ఇది అనుకున్నంత సులువు కాదని నాకూ తెలుసు, అక్కడికీ వస్తాను.

మణికట్టు పట్టుకుని కూర్చోవడం

మాకు జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమాలో మొదటి ఏడాదే నేర్పారు. నీ ఊపిరి లెక్కపెడుతున్నానని రోగికి చెప్పకూడదు. చెబితే ఎవరి ఊపిరైనా దారి తప్పుతుంది. ఈ వాక్యం చదువుతున్న మీది కూడా ఈపాటికి మారే ఉంటుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోవాలి. ఆ చెయ్యి మెల్లగా వాళ్ళ పొట్ట మీదే ఆనించి ఉంచితే ఇంకా మంచిది. దుప్పటి కప్పుకున్నా, చీర కొంగు అడ్డం ఉన్నా పొట్ట లేవడం మన చేతికి తెలుస్తుంది. గడియారం వైపు ఒక కన్ను. నిండుగా ఒక నిమిషం.

కిందటి చలికాలం ఇచ్ఛాపురం అవతలి పల్లె నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. జీడిపిక్కలు కాల్చే పొగలో సగం వయసు గడిచిందట, మిగతా సగం అడ్డపొగలో. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగడం మా వైపు వాళ్ళకి విడ్డూరం కాదు. నేను రాత్రి డ్యూటీకి వెళ్ళేసరికి ఆక్సీమీటర్ నెత్తుటిలో ఆక్సిజన్ 93 శాతం చూపిస్తోంది. చార్టులో శ్వాస 20. మంచం బల్లపరుపుగా ఉంది, రాత్రి కదా, పడుకోవాలి కదా అని.

మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. 34.

అంకె ఒక్కటే అయితే యంత్రం కూడా చెబుతుంది, మానిటర్లున్న ఐసీయూలో చెబుతూనే ఉంది. ఆ నిమిషం పాటు కళ్ళు వేరే ఎక్కడికీ పోకపోవడం వల్ల మిగతావి కనబడతాయి. ఊపిరి లోపలికి తీసినప్పుడల్లా ఆవిడ కాలర్ ఎముకల మీది గుంటలు లోతవుతున్నాయి. మెడ నరాలు తాళ్ళలా బిగుస్తున్నాయి. వదిలేటప్పుడు పెదాలు సున్నా చుట్టి, దీపం ఆర్పుతున్నట్టు ఊదుతోంది. అది ఎవరూ నేర్పలేదు, ఒంటికే తెలుసు. కుడివైపు ఛాతీ ఎడమవైపు లేచినంత లేవడం లేదు.

అంతకుముందు డ్యూటీలో ఉన్న అమ్మాయిది బాలాసోర్ వైపు. మంచి పిల్ల, పనిమంతురాలు. "నిశ్వాస్ నేబాకు కష్ట హేఉచి కి?" అని, ఊపిరి తియ్యడం కష్టంగా ఉందా అని ఒడియాలో అడిగిందట. ముసలమ్మ తల ఊపిందట. దేనికడిగినా తల ఊపుతూనే ఉందట. నేను తెలుగులో అడిగితే మాట బయటికొచ్చింది. "పడుకోనేకపోతన్నానమ్మా..." ఆగింది. "కూకుంటే..." ఆగింది. "కొద్దిగ... నయం."

ఒక గుక్కలో ఎన్ని మాటలు వస్తున్నాయన్నది ఆయాసాన్ని తూచే పాత తక్కెడ. నిండు వాక్యం వస్తే ఫర్వాలేదు, ముక్కలైతే కంగారుపడాలి, ఒక్కొక్క మాటే అయితే పరిగెత్తాలి. బరంపురంలో మనవాళ్ళకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రెండూ నీళ్ళు తాగినట్టు వస్తాయి. కానీ ఊపిరి అందనప్పుడు బజారు భాష ముందు జారిపోతుంది, అమ్మ భాషే మిగులుతుంది. ఇంకొకళ్ళ భాషలో అడిగితే తలాడింపు వస్తుంది. తలాడింపుని ఏ తక్కెడలో తూస్తాం? 1936లో ఒడిశాని వేరు చేస్తూ గంజాం జిల్లా మధ్య నుంచి గీత గీసినవాళ్ళకి మా వార్డు గుర్తొచ్చి ఉండదు లెండి.

తలవైపు మంచం లేపాను. ముందు బల్ల జరిపి, దాని మీద దిండు వేసి, రెండు చేతులూ ఆనించి ముందుకి వాలి కూర్చోమన్నాను. అరగంటకి 28. డాక్టర్ వచ్చారు, ఎక్స్‌రే తీయించారు, కుడివైపు కింద న్యుమోనియా బయటపడింది. మందులు మారాయి. అవి ఆయన పని. ఆ మొదటి 6 మాత్రం ఒక బల్లా, ఒక దిండూ తగ్గించినవి.

95 రావాలి కదా సిస్టరమ్మా

2021 కోవిడ్ వేసవి ప్రతి ఇంటికీ ఒక ఆక్సీమీటర్ ఇచ్చిపోయింది, దాంతోపాటు ఒక అంకె కూడా. 94 కన్నా కిందికి పడితే ఆసుపత్రికి పరిగెత్తు. ఆ అంకె ఆ రోజుల్లో ఎంతోమందిని వేళకి మంచం మీదికి చేర్చింది, నేనేం తీసిపారెయ్యను. కానీ ఆ పాఠం సగమే మన ఇళ్ళకి చేరింది. ఊపిరితిత్తులు ఏళ్ళ తరబడి చెడినవాళ్ళలో చాలామందికి 88 నుంచి 92 దాకా ఉంటే చాలు, అంతకుమించి ఎక్కించడమే ప్రమాదం అన్న మిగతా సగం చేరలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు ఇష్టం లేదు. అది చెప్పకపోతే మాత్రం ఇదంతా రాయడం దండగ.

మా జిల్లాలో గడపకొకళ్ళు సూరత్ మగ్గాల మీదికి పోతారు. అలాగే పోయి, 20 ఏళ్ళు నూలు దుమ్ములో పనిచేసి, బీడీలు కాల్చి, ఛాతీ పాడుచేసుకుని తిరిగొచ్చిన పెద్దాయన. సీఓపీడీ ముదిరింది. రెండు లీటర్ల ఆక్సిజన్ మీద 89 చూపిస్తున్నాడు, ఆయనకి అది చాలు. కొడుకు కూడా సూరత్‌లోనే పని, తండ్రి కోసం రైలెక్కి వచ్చాడు. రాత్రంతా మంచం పక్కన కూర్చుని ఆ ఎర్ర అంకె వైపే చూశాడు. ఒంటిగంటకో రెండింటికో లేచి ఫ్లోమీటర్ నాబ్ తిప్పేశాడు. ఎనిమిది లీటర్లు.

పొద్దున 6 గంటలకి నేను టీపీఆర్ తీశాను. శాచురేషన్ 98. పెద్దాయన హాయిగా నిద్రపోతున్నాడు. "రాత్రంతా దగ్గు నేదు సిస్టరమ్మా, మంచిగ పడుకున్నాడు" అన్నాడు కొడుకు. సంతోషించాను. ఫ్లోమీటర్ వైపు తల తిప్పలేదు. శ్వాస గడిలో 20 రాసి పక్క మంచానికి వెళ్ళిపోయాను.

ఏడున్నరకి మాత్ర వెయ్యడానికి లేపబోతే లేవలేదు. భుజం కుదిపితే కళ్ళు తెరిచి, ఏదో గొణిగి, మళ్ళీ మూశాడు. అరచేతులు వెచ్చగా ఉన్నాయి. చేతులు చాపించి పట్టుకుంటే మణికట్లు గువ్వ రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. అప్పుడు, అప్పటికి, లెక్కపెట్టాను. 9.

ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోతే మనిషి ఇలాగే, చూసేవాళ్ళకి ముద్దొచ్చేంత ప్రశాంతంగా, మత్తులోకి జారతాడు. ముదిరిన సీఓపీడీలో ఒళ్ళు తక్కువ ఆక్సిజన్‌తో ఎలాగో సర్దుకుని, గాలి సరిగా ఆడని భాగాలకి నెత్తురు తగ్గించి, బాగా ఆడే చోటికి మళ్ళించి నెట్టుకొస్తూ ఉంటుంది. ఒక్కసారిగా ఆక్సిజన్ గుమ్మరిస్తే ఆ సర్దుబాటు చెదిరిపోతుంది. ఊపిరి తియ్యాలన్న తొందర కూడా కొంత తగ్గుతుంది. లోపలి చెడుగాలి లోపలే ఉండిపోతుంది. వేలికి తొడిగిన డబ్బా మాత్రం 98 అని మెచ్చుకుంటూనే ఉంటుంది, దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లోనే దీన్ని పరీక్షించి 2010లో ఫలితం ప్రకటించారు. ఆయాసంతో ఉన్న 405 మంది. ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినవాళ్ళలో 9 శాతం చనిపోతే, 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చినవాళ్ళలో 4 శాతం.

మా పెద్దాయన బతికాడు. డాక్టర్ ఏబీజీ, అంటే నెత్తుటిలో వాయువుల పరీక్ష చూసి, కొలిచి ఇచ్చే వెంచురీ మాస్కుతో ఆక్సిజన్ తగ్గించి, ఊపిరికి ఆసరా ఇచ్చే బైపాప్ యంత్రం పెట్టారు. సాయంత్రానికి కొడుకుని పేరుపెట్టి పిలిచాడు.

ఈలోగా నేను ఆ కొడుకుని వార్డు అందరి ముందూ దులిపేశాను. నీకెవరు చెప్పారు నాబ్ ముట్టుకోమని, నీ చేతులారా చంపుకునేవాడివి కదా అని. అతను తల వంచుకుని ఒకే మాట అన్నాడు. "95 రావాలి కదా సిస్టరమ్మా. కోవిడ్లో మీరే సెప్పినారు."

తర్వాత చార్టు రాయడానికి కూర్చుంటే 6 గంటల గడిలో నా చేతిరాత. 20. దాన్ని కొట్టేసి 10 చెయ్యాలని ఒక క్షణం పెన్ను దాకా వచ్చింది. చెయ్యలేదు. పక్క గడిలో 9 రాశాను. గంటన్నర తేడాలో 20, 9. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందని ఈ రోజుకీ నన్ను ఎవరూ అడగలేదు. 6 గంటలకి నేను ఒక నిమిషం కూర్చుని ఉంటే ఎంత వచ్చేదో నాకూ తెలియదు. 20 మాత్రం వచ్చేది కాదు.

ఆ గడి ఖాళీగా ఉన్నా బాగుండేది. రౌండు ముందు చార్టు తిరగేసిన ఎవరో ఒకరు "ఇదేంటి వదిలేశారు" అని మంచం దగ్గరికి వెళ్ళేవారు.

ఆ వారం నుంచి అలాంటి రోగుల మంచాల దగ్గర అట్టముక్క కడుతున్నాను. తెలుగులో ఒకవైపు, ఒడియాలో ఒకవైపు. "88 నుంచి 92 ఉంటే చాలు. నాబ్ తిప్పొద్దు. మనిషి లేపినా లేవకపోతే వెంటనే పిలవండి." ఆ మూడో వాక్యాన్ని తర్వాతెప్పుడో చేర్చాను.

అంకె తగ్గినా ఏడుపే

నా వాదానికి నేనే ఒక చిల్లు చూపించాలి. ఆస్తమాతో ఒక పాతికేళ్ళ లోపు పిల్ల వచ్చింది. వచ్చినప్పుడు 38, పిల్లికూతలు గుమ్మం దాకా వినబడుతున్నాయి. గంట తర్వాత 16. కూతలు ఆగాయి. కొత్తగా చేరిన సిస్టర్ మొహం వెలిగిపోయింది, "తగ్గింది కదా మేడమ్" అంది. లెక్క సరిగ్గానే పెట్టింది, నిండు నిమిషం. కానీ ఆ పిల్ల మొహం చూస్తే చెమట, కళ్ళు తేలిపోతున్నాయి, ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే గాలి ఆడుతున్న చప్పుడే లేదు. ఊపిరి తీసి తీసి కండరాలు చేతులెత్తేస్తున్నాయి. వెంటనే ఐసీయూకి తరలించారు.

కాబట్టి లెక్కపెడితే సరిపోతుందా అంటే సరిపోదు. ఇద్దరు నర్సులు ఒకే రోగిని లెక్కపెట్టినా రెండు మూడు తేడా వస్తుందని మా డాక్టర్ ఒకాయన వేళాకోళం చేస్తారు, అదీ నిజమే. అయినా 38 ఉన్నదని రాసి ఉండబట్టే కదా 16 చూసి నాకు భయం వేసింది. రెండు చోట్లా 20 ఉంటే ఆ పిల్ల గంటసేపు నిలకడగా ఉన్నట్టు లెక్క.

మేం అలవాటుగా రాసే 24 గురించి ఒక సంగతి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2017లో సవరించిన హెచ్చరికల పట్టిక ఉంది, మార్కులు పెరిగితే రోగికి ప్రమాదం పెరిగినట్టు. అందులో శ్వాస 12 నుంచి 20 అయితే సున్నా మార్కులు, 21 నుంచి 24 అయితే 2, 25గానీ ఆపైన గానీ అయితే ఆ ఒక్కదానికే 3. సిస్టాలిక్ బీపీ, అంటే పై అంకె, 90కి పడిపోతే ఇచ్చేదీ ఆ మూడే. మన 20 సరిగ్గా సున్నా గీత మీద కూర్చుంటుంది, మన 24 సరిగ్గా గంట మోగే గీతకి ఒక్క మెట్టు కింద. ఎవరూ కావాలని ఎంచుకోలేదు. కావాలని ఎంచుకున్నా ఇంత చక్కగా కుదిరేది కాదు.

తీరికేదీ?

ఇక అసలు అభ్యంతరం. మా వార్డులో 30 మంచాలు, రాత్రి ఇద్దరం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు. చదివినప్పుడల్లా ఎవరిదో పెళ్ళి శుభలేఖ చూసినట్టుంటుంది. తలా ఒక నిమిషం అంటే ఉత్త లెక్కకే అరగంట. ఆ అరగంటలోనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, షుగర్ పరీక్షలు, రక్తం గొట్టాలు, ఒక మూల ఎవరో వాంతి.

ఇది నేను కొట్టిపారేసే మాట కాదు. నా స్నేహితురాలు ఒకామె మొహం మీదే అంది, "మనిషిని ఇవ్వకుండా నిజాయితీ అడిగితే అది దోపిడీ" అని. ఆమెకి నా దగ్గర నిండు జవాబు లేదు. ఉన్న సగం జవాబు ఇది. ఊళ్ళో ఆశా దీదీకి మనకన్నా తక్కువ చదువు, తక్కువ డబ్బు. పసిబిడ్డకి జలుబు చేస్తే ఆమె గడియారం పట్టుకుని నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డకి 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 తాకితే ఆసుపత్రికి పంపాలి. ఆమె లెక్కపెట్టి పంపిన బిడ్డకి మనం వార్డులో కంటిచూపుతో అంకె వేస్తే ఎలా?

బుజ్జి ఫైలు చూసిన తర్వాతి వారం నేను ప్రయత్నం చేసి చూశాను. లెక్కపెట్టినవాళ్ళకి అంకె, లెక్కపెట్టలేనివాళ్ళకి ఖాళీ. నాలుగో రోజు ఇన్‌ఛార్జి సిస్టర్ పిలిచారు. చార్టులు బల్ల మీద పరిచి ఉన్నాయి. "ఇవన్నీ ఏంటి? ఆడిట్‌కి వచ్చినవాళ్ళు ఖాళీ గడి చూస్తే నాకు మెమో వస్తుంది. నీకేం, నువ్వు రాసుకుని కూర్చుంటావ్." నేను చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ విన్నారు. చెడ్డ మనిషి కాదు, ఆవిడ కూడా ఒకప్పుడు రాత్రి డ్యూటీలు చేసినావిడే. "నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ ఆడిట్‌కి ఖాళీ దొరుకుతుంది, అబద్ధం దొరకదు" అన్నారు. నేను విన్నవాటిలో మా వృత్తి గురించి ఇంత నిజమైన మాట ఇంకోటి లేదు.

కాబట్టి ఓడిపోయాను, సగం. ఇప్పుడు ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళనీ, ఆ రోజే చేరినవాళ్ళనీ, రాత్రి నాకు ఎందుకో కనిపెట్టుకుని ఉండాలనిపించినవాళ్ళనీ నిండు నిమిషం చూస్తున్నాను. ఏడెనిమిది మంది అవుతారు. జ్వరం తగ్గి, రేపు ఇంటికి వెళ్ళబోతూ, దుప్పట్లో రీల్స్ చూసి కిసుక్కున నవ్వుకునే కుర్రాడికి ఇప్పటికీ 20 రాస్తున్నాను. ఒప్పుకుంటున్నాను.

ఇలా కూర్చోవడం మొదలుపెట్టాక ఒక చిన్న విషయం కనిపెట్టాను. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించేవాళ్ళకి 16, 20, 24, 28 లాంటి నాలుగో ఎక్కం అంకెలు తప్ప ఇంకోటి రాదు. 30 సెకన్లు చూసి రెట్టించినా సరిసంఖ్యే. 19, 23, 27 రావాలంటే ఎవరో ఒకరు నిమిషం పూర్తిగా కూర్చుని తీరాలి. నిజంగా లెక్కపెట్టిన చార్టులో ఇంచుమించు సగం బేసి సంఖ్యలుండాలి. డ్యూటీ మార్పు వేళ చార్టులు తిరగేస్తూ ఇప్పుడు నేను వెతికేది అదే. వారానికి ఒకటో రెండో దొరుకుతాయి. ఎవరి చేతిరాతా అని చూస్తాను. ఎక్కువగా ఆ బాలాసోర్ అమ్మాయిదే.

మొన్నొక రాత్రి రెండింటికి డాక్టర్‌కి ఫోన్ చేశాను. "27 డాక్టర్, సాయంత్రం 21 ఉంది" అన్నాను. నిద్రమత్తులో అటునుంచి ఒక్క క్షణం నిశ్శబ్దం. "27 ఏంటి? శాచురేషన్ 27కి పడిపోయిందా?" అని అరిచారు. కాదండీ, ఊపిర్లు అన్నాను. "ఓ" అన్నారు. వచ్చారు మాత్రం.

నిన్న బుజ్జి ఫోన్ చేసింది. మళ్ళీ వార్డు పోస్టింగ్ పడిందట. టీబీ తగ్గినా ఊపిరితిత్తి పాడైపోయిన ఒకాయన దగ్గర నిండు నిమిషం కూర్చుని చార్టులో 23 రాసిందట. అక్కడి స్టాఫ్ సిస్టర్ చూసి, "ఇదేం అంకె? 22 అన్నా రాయి, 24 అన్నా రాయి" అన్నారట.

"మరేం చేశావే?"

"అలాగే ఉంచేశా పిన్నీ. పెన్నుతో రాసేశా కదా, కొట్టేస్తే ఇంకా తిడతారు."